చిప్ పోయిందనే ముందు: పాత వీడియో గేమ్ కంట్రోలర్ల మరమ్మతు

(పాత ఎలక్ట్రానిక్ సామాన్ల మరమ్మతు నేర్చుకుంటున్నవాళ్ల కోసం హైదరాబాద్‌లో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు చదువుకుంటారని రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఖాళీలున్నాయి, వెనక నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి. నేను చూపించేవన్నీ చిన్న చిన్న బోర్డులు, దూరం నుంచి కనపడవు.

పాత వీడియో గేమ్ పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఒకే మాటతో వస్తారు. "అన్నా, రిమోట్‌లో చిప్ పోయింది." చిప్ పోయిందని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. బటన్ నొక్కితే పని చేయట్లేదు, విప్పి చూస్తే లోపల చిప్ ఒక్కటే కనపడింది, అందుకని నేరం దాని మీద పడింది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది కూడా ఆ చిప్ గురించే. అది చాలా అరుదుగా పోతుంది. రబ్బరు పోతుంది, వైరు పోతుంది, సోల్డర్ పగులుతుంది. వీటిలో ఏది పోయిందో సోల్డరింగ్ ఐరన్ వేడెక్కక ముందే, చాలాసార్లు మూత విప్పక ముందే, టీవీ తెర చూసి చెప్పేయొచ్చు. ఎట్లా చెప్పగలం? ఆ సర్క్యూట్ మొత్తం మన బుర్రలో పట్టేంత చిన్నది కాబట్టి. మొత్తం, ఒక్క తీగ కూడా వదలకుండా. ఇప్పటి ఫోన్ గురించి ఆ మాట అనగలమా? అనలేం. దీని గురించి అనగలం, అందుకే నాకు ఇవంటే ఇంత ఇష్టం.

ఒక యంత్రాన్ని పట్టుకుని మాట్లాడుకుందాం. నింటెండో వాళ్ల ఫామికామ్. 1983 జులై 15న జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. దాన్ని రూపొందించిన ఇంజినీరు మసయుకి ఉయెమురా. పై పెట్టె మార్చి, 1985లో అమెరికాలో ఎన్‌ఈఎస్ అన్న పేరుతో దించారు. మరి తొంభైలలో మనలో చాలామంది క్యాసెట్ ఊది, గుచ్చి ఆడిన వీడియో గేమ్ ఏమిటి? దీని నకలు. టెర్మినేటర్ అని ఒకటి, లిటిల్ మాస్టర్ అని ఒకటి, పేర్లు రకరకాలు. పెట్టె ఏదైనా, కంట్రోలర్, అంటే చేతిలో పట్టుకునే రిమోట్, కన్సోల్‌తో, అంటే టీవీకి తగిలించే ఆ పెట్టెతో, మాట్లాడే పద్ధతి మాత్రం ఫామికామ్‌దే. ఈ ఒక్కటి అర్థమైతే మీ ఇంట్లో అటక మీద ఉన్నది కూడా అర్థమైనట్టే.

బటన్లు ఎన్ని? ఎనిమిది. నాలుగు దిక్కులు, సెలెక్ట్, స్టార్ట్, 'బీ', 'ఏ'. బటన్‌కి ఒక వైరు చొప్పున వేసుకుంటే ఎనిమిది, గ్రౌండ్‌తో తొమ్మిది కావాలి. 1977లో వచ్చిన అటారి 2600 ఆ పనే చేసింది. దాని జాయ్‌స్టిక్‌లో అసలు చిప్ ఉండదు, ఐదు స్విచ్‌లు, వాటి వైర్లు, అంతే. కానీ ఎన్‌ఈఎస్ కంట్రోలర్ కేబుల్ ఒలిచి చూడండి. ఐదే వైర్లు. రెండు కరెంటువి: 5 వోల్టులు, గ్రౌండ్. మిగతా మూడూ లాచ్, క్లాక్, డేటా. ఎనిమిది బటన్ల కబురు ఒక్క డేటా వైరు మీద ఎట్లా వెళ్తోంది?

అందుకే ఆ చిప్. నంబరు 4021. షిఫ్ట్ రిజిస్టర్ అంటారు. రేషన్ షాపు ముందు ఎనిమిది మంది క్యూలో ఉన్నారనుకోండి, కౌంటరు ఒక్కటే. కన్సోల్ ముందు లాచ్ వైరు మీద ఒక పల్స్ పంపుతుంది. ఆ క్షణానికి ఏ బటన్ నొక్కి ఉందో, ఏది లేదో, ఎనిమిదీ ఒక్కసారే చిప్‌లో నమోదైపోతాయి. క్యూ కట్టేశారు. తర్వాత క్లాక్ వైరు మీద ఒక్కో పల్స్‌కి ఒక్కొక్కరు ముందుకు జరుగుతారు. కౌంటరు దగ్గర ఎవరున్నారో వాళ్ల కబురే డేటా వైరు మీద కన్సోల్‌కి వినపడుతుంది. ముందు 'ఏ', తర్వాత 'బీ', సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి. ఈ వరస రాసుకోండి, మళ్లీ మళ్లీ పనికొస్తుంది. సాధారణంగా ఆటలు తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ ఈ తతంగం నడిపిస్తాయి. అంటే జపాన్, అమెరికా యంత్రాల్లో సెకనుకి 60 సార్లు, పాల్ (PAL) అనే టీవీ పద్ధతి వాడే యంత్రాల్లో 50 సార్లు.

ఇంకొక్క ముక్క చెప్పి మరమ్మతులోకి వెళ్తాను. బటన్ నొక్కనప్పుడు, చిప్‌లో ఆ బటన్ కలిసే కాలు, అంటే పిన్ను, దగ్గర ఎన్ని వోల్టులు ఉంటాయి? సున్నా కాదు, 5 వోల్టులు. ప్రతి కాలినీ ఒక రెసిస్టర్ పైకి లాగి పట్టుకుంటుంది. బటన్ నొక్కితే ఆ కాలు గ్రౌండ్‌కి అంటుకుని సున్నాకి పడుతుంది. నొక్కితే సున్నా, వదిలితే ఐదు. కన్సోల్ లోపల దీన్ని తిరగేసుకుని చదువుకుంటుంది. సున్నా అంటే నొక్కినట్టు. ఇది గుర్తుపెట్టుకోండి.

తెర మీదే జబ్బు తెలుసుకోవడం

ఇప్పుడు ఒక కంట్రోలర్ వచ్చింది. 'బీ' పని చేయట్లేదు, మిగతా ఏడూ బ్రహ్మాండంగా ఉన్నాయి. చిప్ పోయిందా? ఆ చివర తమ్ముడు తల ఊపుతున్నాడు. ఆలోచించు తమ్ముడూ. మిగతా ఏడు బటన్ల కబుర్లు వస్తున్నది ఏ చిప్‌లోంచి? అదే చిప్. ఏ డేటా వైరు మీద? అదే వైరు. క్లాక్ కొడుతోంది, లాచ్ కొడుతోంది, కరెంటు అందుతోంది. కాబట్టి తప్పు 'బీ' బటన్‌కీ, చిప్‌లో దాని కాలికీ మధ్య ఉంది. రబ్బరు గానీ, బోర్డు మీద ట్రాక్, అంటే రాగి గీత గానీ, ఒక సోల్డర్ చుక్క గానీ. అంగుళంన్నర దారి. వెతకాల్సింది అంతే.

ఎనిమిదీ చచ్చిపోయాయి. అప్పుడు ముందుగా చూడాల్సింది కేబుల్. డేటా వైరు తెగితే కన్సోల్‌కి అసలు కంట్రోలరే పెట్టనట్టు ఉంటుంది, ఎవరూ ఏమీ నొక్కనట్టే చదువుకుంటుంది.

మూడోది నాకు చాలా ఇష్టమైన జబ్బు. 'ఏ' నొక్కితే అన్నీ నొక్కినట్టు అవుతుంది. బొమ్మ ఎగురుతుంది, ఆట ఆగిపోతుంది, మళ్లీ నడుస్తుంది. మిగతా ఏడు బటన్లు నొక్కితే ఏమీ కాదు. ఏం జరిగింది? క్యూ కదలట్లేదు! క్లాక్ వైరు తెగింది. కౌంటరు దగ్గర 'ఏ' గారు నిలబడే ఉన్నారు, కన్సోల్ ఎనిమిదిసార్లు అడిగితే ఎనిమిదిసార్లూ ఆయన కబురే అందింది. మూత విప్పకుండా ఏ వైరు తెగిందో చెప్పేశాం. చూడండి, ఎంత బాగుందో!

మరి ఏమీ నొక్కకుండానే అన్నీ నొక్కినట్టు ఉంటే? లాచ్‌ని అనుమానించండి. కొత్తగా క్యూ కట్టడం లేదు, ఉన్న ఎనిమిది మందీ వెళ్లిపోయారు. క్యూ వెనక ఏముంది? క్యూ వెనక చివర చిప్‌కి ఇంకో కాలు ఉంది, అసలు కంట్రోలర్లలో దాన్ని గ్రౌండ్‌కి కట్టేశారు. ఖాళీ క్యూలోంచి సున్నాలే వస్తాయి. సున్నా అంటే? నొక్కినట్టు! అయితే ఒక హెచ్చరిక. తెగిన వైరు తాలూకు చిప్ కాలు గాలిలో వేలాడుతుంది, ఈ రకం చిప్‌లలో వేలాడే కాలు పైకి పోతుందో కిందికి పోతుందో చెప్పలేం. పైకి పోతే మళ్లీ 'ఏ' ఒక్కటే వినపడుతుంది. చెయ్యి దగ్గరికి తెస్తే ఒకలా, తీస్తే ఒకలా ఉండొచ్చు. అట్లా రకరకాలుగా కనపడటం కూడా ఒక ఆనవాలే. కరెంటు వైరు తెగినా ఇంతే. సిగ్నల్ వైర్లలోంచి దొంగదారిన కొంచెం కరెంటు ఎక్కి చిప్ అరకొరగా బతుకుతుంది, నిలకడ లేకుండా ప్రవర్తిస్తుంది.

రబ్బరు సంగతి

ఎక్కువ కంట్రోలర్లు మూలపడేది రబ్బరు దగ్గరే. బటన్ కింద రబ్బరు బుడిపె, దాని అడుగున నల్లటి కార్బన్ బిళ్ల. బోర్డు మీద రెండు ట్రాకులు దువ్వెన పళ్లలా ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటాయి. బిళ్ల వచ్చి రెండింటినీ కలుపుతుంది. బిళ్ల బాగుంటే దాని అడ్డు, అంటే రెసిస్టెన్స్, కొన్ని వందల ఓమ్‌లు. అరిగితే వేలు, పదివేలు. ఎంతదాకా ఫర్వాలేదు?

లెక్క వేద్దాం, భయపడకండి. కాలిని పైకి లాగే రెసిస్టర్ ఎన్‌ఈఎస్ కంట్రోలర్‌లో సుమారు 38 కిలో ఓమ్‌లు. 5 వోల్టుల దగ్గర 4021 చిప్ 1.5 వోల్టుల దాకా కచ్చితంగా సున్నా అంటుంది, 3.5 దాటితే కచ్చితంగా ఒకటి అంటుంది. మధ్యలో దాని ఇష్టం. బిళ్ల అడ్డు ఎంతైతే కాలు దగ్గర 1.5 వోల్టులు వస్తాయి? సుమారు 16 కిలో ఓమ్‌లు. 3.5 ఎప్పుడు వస్తాయి? సుమారు 88 దగ్గర. అంటే బిళ్ల 16 కిలో ఓమ్‌ల లోపు ఉన్నంతకాలం మీకు అరిగినట్టే తెలియదు. 16 నుంచి 88 మధ్యలో పడ్డప్పుడు మొదలవుతుంది గొడవ. గట్టిగా నొక్కితే పని చేస్తుంది, మెల్లగా నొక్కితే చేయదు. పిల్లలు బటన్‌ని బొటనవేలితో పొడిచి పొడిచి ఆడతారే, అది ఈ దశ. చిప్ చచ్చిపోయి ఉంటే గట్టిగా నొక్కినంత మాత్రాన పని చేస్తుందా? చేయదు కదా. గట్టిగా నొక్కితే పని చేస్తోందంటే చిప్ నిక్షేపంగా ఉన్నట్టు.

శుభ్రం చేయడం ఎట్లా? దూదిపుల్ల, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. బోర్డు తుడవండి, బిళ్ల తుడవండి, ఆరనివ్వండి. సగం కేసులు ఇక్కడే ముగుస్తాయి. దయచేసి గరుకు కాగితం పెట్టి రుద్దకండి, బ్లేడుతో గీకకండి. ట్రాకుల మీద నల్లగా కనపడేది మురికి అనుకుంటారు. అది కార్బన్ పూత, కింద ఉన్న రాగిని కాపాడేది అదే. గీకేస్తే నాలుగు రోజులు మెరుస్తుంది, తర్వాత రాగి చిలుము పట్టిపోతుంది. బిళ్ల మరీ అరిగిపోతే కొత్త రబ్బరు వేయండి, ఇప్పటికీ తయారుచేసి అమ్ముతున్నారు. పెన్సిల్ రుద్దడం లాంటివి తాత్కాలికం. బిళ్ల అడ్డు తగ్గితే మళ్లీ పని చేస్తుందని రుజువు చేసుకోవడానికి బాగుంటుంది, మరమ్మతు అని మాత్రం అనను.

రబ్బరు గురించే ఇంకో మాట. మొట్టమొదటి ఫామికామ్‌లలో 'ఏ', 'బీ' బటన్లు నలుచదరంగా, మెత్తటి రబ్బరుతో ఉండేవి. అవి అరిగి, అంచులకు పట్టుకుని ఇరుక్కునేవి. తర్వాత వాటిని గుండ్రటి గట్టి ప్లాస్టిక్ బటన్లుగా మార్చారు. పైగా ఫామికామ్ కంట్రోలర్లు విడిగా ఊడదీసేవి కావు, వాటి కేబుల్ యంత్రం లోపలికే వెళ్తుంది. బటన్ బాగు చేయాలంటే యంత్రమే బల్ల మీదికి రావాలి. మీ చేతికి ఎప్పుడైనా చదరపు బటన్ల ఫామికామ్ వస్తే వాటిని తీసేసి గుండ్రటివి పెట్టకండి. ఉన్నదాన్ని శుభ్రం చేసి, ఉన్నట్టే వాడుకునేలా చేయండి. అలాంటివి మళ్లీ తయారు కావు.

దిక్కుల మీట దగ్గర కూడా ఒకసారి ఆగాలి. ఆ ప్లస్ ఆకారపు మీట గున్‌పెయ్ యోకోయ్ ఆలోచన, 1982లో చేతిలో పట్టుకుని ఆడే ఒక చిన్న గేమ్‌లో వచ్చింది. దాని మధ్యలో కింద చిన్న బుడిపె ఉంటుంది, మీట దాని మీద ఊగుతుంది. ఎడమ దిగితే కుడి లేస్తుంది, రెండూ ఒకేసారి నొక్కడం కుదరదు. ఆ బుడిపె అరిగితే మీట మొత్తం కిందికి దిగి ఎడమ, కుడి రెండూ తగులుతాయి. కొన్ని ఆటలు దానికి సిద్ధంగా ఉండవు, బొమ్మ ఎటో పోతుంది. మీరు సర్క్యూట్‌లో ఎంత వెతికినా దొరకదు, తప్పు ప్లాస్టిక్‌లో ఉంది.

మీటరు తీద్దాం

ఇప్పుడు మీటరు, అంటే మల్టీమీటరు. దీంట్లో కిటుకు చిప్ కాలి దగ్గర నిలబడటం. కంట్రోలర్ కన్సోల్‌కి పెట్టి, ఆన్ చేసి, మీటరు నల్ల ముల్లు చిప్ 8వ కాలు మీద, అది గ్రౌండ్. ఎర్ర ముల్లు 16వ కాలు మీద. 5 వోల్టులు ఉండాలి. లేకపోతే ఇక ముందుకు వెళ్లకండి, కేబుల్ చూడండి, కన్సోల్‌లో 5 వోల్టులు ఇచ్చే 7805 రెగ్యులేటర్ చూడండి. ఉంటే బటన్ల కాళ్లు ఒక్కొక్కటి. 1వ కాలు 'ఏ', 15 'బీ', 14 సెలెక్ట్, 13 స్టార్ట్, 4 పైకి, 5 కిందికి, 6 ఎడమ, 7 కుడి. ఇది అసలు ఎన్‌ఈఎస్ అమరిక. బటన్ వదిలితే 5 దగ్గర ఉండాలి, నొక్కితే సున్నా దగ్గరికి రావాలి.

నొక్కినా 5 నుంచి కదలకపోతే తప్పు చిప్‌కి ఇవతల, అంటే రబ్బరు, ట్రాక్. నొక్కకుండానే సున్నా ఉంటే ఎక్కడో అంటుకుపోయింది. ఎప్పుడో ఒలికిన కూల్‌డ్రింక్ ఎండి ఉండొచ్చు, పైకి లాగే రెసిస్టర్ ఊడి ఉండొచ్చు. కాలు దగ్గర అంతా సవ్యంగా మారుతూ, తెర మీద మాత్రం ఆ ఒక్క బటన్ కనపడకపోతే, అప్పుడు, అప్పుడే, చిప్‌ని అనుమానించండి.

వైరు సంగతి త్వరగా చెప్తాను. వైరు ఎక్కువగా కంట్రోలర్‌లోకి దూరే మూల దగ్గరే తెగుతుంది, అక్కడే వంగుతుంది కాబట్టి. పైకి తొడుగు బాగానే ఉంటుంది, లోపల రాగి తెగి ఉంటుంది. కన్సోల్ నుంచి తీసేసి, మీటరు బీప్ మీద పెట్టి, ఆ చివర నుంచి ఈ చివరకి ఒక్కో వైరూ చూడండి. చూస్తూ మూల దగ్గర వంచండి. బీప్ తెగి తెగి వస్తే దొరికినట్టే. ఆ ముక్క కోసేసి, కేబుల్ కొంచెం పొట్టిదైనా సరే, మళ్లీ సోల్డర్ చేయండి. కోసే ముందు ఫోటో తీసుకోండి. రంగు చూసి వైరు ఫలానా అని నమ్మకండి. ఎరుపు అంటే ప్లస్ అనుకుంటాం కదా? అసలు ఎన్‌ఈఎస్ కేబుల్‌లో తెలుపు 5 వోల్టులు, బ్రౌన్ గ్రౌండ్, నారింజ లాచ్, పసుపు డేటా. ఎరుపు క్లాక్! ఎరుపుకి 5 వోల్టులు కలిపారంటే, బతికున్న చిప్‌ని మన చేత్తో పాడు చేసుకునే ప్రమాదం ఉంది.

నిజంగానే చిప్ పోతే? ఒంటి మీది స్టాటిక్ కరెంటు వల్లనో, కన్సోల్ ఆన్‌లో ఉండగా పీకి పెట్టడం వల్లనో పోవచ్చు. కొత్త 4021 సులభంగా దొరికే చవక చిప్, కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. సీడీ4021, హెచ్‌ఈఎఫ్4021, ఎంసీ14021, పేరు ఏదైనా కాళ్ల అమరిక ఒకటే. తీసేటప్పుడు పాత చిప్‌ని కాపాడాలని చూడకండి, బోర్డుని కాపాడండి. చిప్ ఒంటి దగ్గర కాళ్లన్నీ కట్టర్‌తో కోసేసి, తర్వాత ఒక్కో కాలూ వేడి చేసి లాగండి. ఈ పాత బోర్డుల్లో చాలావాటికి ఒక పక్కే రాగి ఉంటుంది, ఎక్కువసేపు వేడి తగిలితే రేకు లేచి వచ్చేస్తుంది. చిప్ మళ్లీ కొనుక్కోవచ్చు, బోర్డు ఎక్కడ కొంటాం?

ఇక కంట్రోలర్ ప్లగ్‌లో తొమ్మిది పిన్నులుండే మన నకళ్ల దగ్గరికి వద్దాం. విప్పితే 4021 కనపడదు, నల్లటి ఎపాక్సీ బొట్టు కనపడుతుంది. దాని కింద చిప్ నేరుగా బోర్డుకే అతికించి ఉంటుంది. టర్బో బటన్లు, అంటే నొక్కి పట్టుకుంటే మళ్లీ మళ్లీ నొక్కినట్టు పని చేసేవి, వాటిని నడిపేది కూడా అదే. ఆ బొట్టుని బాగు చేయలేం. కానీ దాని భాష మనకు తెలుసు కదా! దానికి వెళ్లే ట్రాకులు కోసేసి, చిన్న బోర్డు మీద 4021 పెట్టి, బటన్లు ఎనిమిదీ, మూడు సిగ్నళ్లూ దానికి కలపండి. 16, 8 కాళ్ల మధ్య 0.1 మైక్రో ఫారడ్ కెపాసిటర్ ఒకటి. పైకి లాగే రెసిస్టర్లు ఎంత వేయాలి? చేతికి దొరికింది కదా అని 10 కిలో ఓమ్‌లు వేస్తారు చాలామంది. లెక్క చూడండి. 10 వేస్తే బిళ్ల 4.3 కిలో ఓమ్‌లు దాటగానే అనుమానపు మండలంలో పడతారు. 47 వేస్తే 20 దాకా ఫర్వాలేదు. అరిగిన పాత రబ్బరుకి 47 ఆయుష్షు పోస్తుంది. ఇట్లా చేస్తే టర్బో పోతుంది, ముందే చెప్తున్నాను. పిన్నుల అమరిక ఒక నకలుకీ ఇంకో నకలుకీ కలవకపోవచ్చు, కాబట్టి కన్సోల్ వైపు నుంచి 5 వోల్టులు, గ్రౌండ్ కొలిచి మొదలుపెట్టండి.

సెగా వాళ్ల మెగా డ్రైవ్ గురించి అడుగుతున్నారా అమ్మా? పద్ధతి వేరు, ఆలోచన ఇదే. మూడు బటన్ల మెగా డ్రైవ్ కంట్రోలర్‌లో 74హెచ్‌సీ157 ఉంటుంది. కన్సోల్ సెలెక్ట్ అనే వైరుని పైకి పెడితే 'బీ', 'సీ' కనపడతాయి, కిందికి పెడితే అదే వైర్ల మీద 'ఏ', స్టార్ట్ కనపడతాయి. సెలెక్ట్ పైనే ఉండిపోతే? 'బీ' నొక్కితే 'ఏ' కూడా నొక్కినట్టు, 'సీ' నొక్కితే స్టార్ట్ కూడా నొక్కినట్టు. చూశారా, మళ్లీ తెర మీదే తెలిసిపోయింది. నింటెండో 64 పుల్ల సంగతి మాత్రం వేరు, అది ఊగి ఊగి లోపల ప్లాస్టిక్ పొడి రాలి వదులవుతుంది, సర్క్యూట్ తప్పు కాదు.

చివరగా, అసలు కంట్రోలర్‌లో లేని జబ్బులు. రెండో పోర్టులో పెడితే బాగా పని చేస్తోందంటే కంట్రోలర్‌ని వదిలేయండి. ఎన్‌ఈఎస్ లోపల సిగ్నల్ తిరగేసే 368 రకం చిప్‌లు ఉంటాయి, వాటిని చూడండి, పోర్టు పిన్నుల సోల్డర్ చూడండి.

ఇంకోటి. మంచి కంట్రోలర్, మంచి పోర్టు. అయినా ఒక్కో ఆటలో ఎప్పుడో ఒకసారి కుడి బటన్ దానంతటదే నొక్కినట్టు అవుతుంది. ఇది ఆ యంత్రంలోనే పుట్టిన లోపం. ధ్వని విభాగం రికార్డు చేసిన శబ్దం కోసం మెమరీ చదవడానికి ప్రాసెసర్‌ని ఒక క్షణం ఆపుతుంది. సరిగ్గా కంట్రోలర్ చదువుతున్నప్పుడు ఆపితే క్లాక్ పల్స్ ఒకటి అదనంగా వెళ్లిపోతుంది. క్యూలో ఒకరు ఎక్కువ జరిగారు. అప్పుడు ఎనిమిదో చదువు, అంటే కుడి, ఎక్కడ పడుతుంది? క్యూ వెనక ఖాళీ మీద. అక్కడ సున్నా ఉంది. సున్నా అంటే నొక్కినట్టు. జాగ్రత్తగా రాసిన ఆటలు రెండుసార్లు చదివి, రెండూ కలిస్తేనే నమ్ముతాయి. అలా చూసుకోని ఆట ఆడుతూ కంట్రోలర్‌ని విప్పి కూర్చుంటే మీకేమీ దొరకదు.

బటన్ నొక్కిన కాసేపటికి బొమ్మ కదులుతోంది అంటారు కొందరు. ఈ సర్క్యూట్‌లో ఆలస్యం చేసేది ఏదీ లేదు, నొక్కింది తర్వాతి చదువులోనే, అంటే సెకనులో యాభయ్యో వంతు లోపే అందుతుంది. మీ టీవీ ఎల్‌సీడీ అయితే అది బొమ్మని సర్దుకోవడానికి సమయం తీసుకుంటోంది. సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టి చూడండి, లేదా ఒక పాత పిక్చర్ ట్యూబ్ టీవీకి తగిలించి చూడండి. ఆ రెండూ చూశాకే స్క్రూడ్రైవర్ పట్టుకోండి. ఇప్పుడు పక్క బల్ల మీద నాలుగు కంట్రోలర్లు పెట్టాను, నాలుగింటికీ నాలుగు జబ్బులు. మూత విప్పకుండా, తెర చూసి, ఏ వైరో ఏ బటనో కాగితం మీద రాయండి. రాశాక విప్పుదాం.